ఎనిమిదో హెన్రీ మీద 1933లో తీసిన సినిమా ఇప్పుడు చూడొచ్చా? అందులో చరిత్ర ఎంత?

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ, ఆయన భార్యల మీద 1933లో వచ్చిన ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ ఇప్పుడు కూర్చుని చూడగలమా, చూస్తే అందులో ఎంతవరకు నమ్మొచ్చు?

చూడండి. తొంభై ఏళ్ళు దాటిన సినిమా అని భయపడకండి. నిడివి గంటన్నర చిల్లర, ఎక్కడా నస పెట్టదు, హెన్రీగా ఛార్లెస్ లాటన్ నటన ఒక్కటి చాలు ఆ టైముకి గిట్టుబాటు అవడానికి. నమ్మకం సంగతికొస్తే మాత్రం నాకు ఆ సినిమాతో పాత తగాదా ఒకటి ఉంది. రాజుని మనకి ముద్దొచ్చేలా చూపించడం కోసం ఇద్దరు ఆడవాళ్ళకి అందులో అన్యాయం చేశారు. మొదటి భార్యకి, ఐదో భార్యకి. ఆ రెండూ తెలుసుకుని చూస్తే సినిమా ఇంకా బాగా అర్థమవుతుంది, తెలియకుండా చూస్తే హెన్రీ అంటే తిండిపోతు, కోపిష్ఠి, పాపం పెళ్ళాల చేతిలో పడి నలిగిపోయిన పెద్దమనిషి అనుకుని లేచి వెళ్ళిపోతాం.

నేను చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకి యూరప్ చరిత్ర చెప్పాను. పోప్‌తో తెగతెంపులు, చర్చికి రాజే అధిపతి అన్న 1534 చట్టం, మఠాల ఆస్తుల స్వాధీనం అని బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలు నిద్రలోకి జారుకునేవి, ఆరు పెళ్ళిళ్ళు అనగానే అందరూ లేచి కూర్చునేవాళ్ళు. అందుకే ఒక బ్యాచికి ప్రొజెక్టర్ పెట్టించి ఈ సినిమా వేశాను. నలుపు తెలుపు బొమ్మ, పాత ఇంగ్లీషు యాస, పది నిమిషాల్లో గోల మొదలవుతుందేమో అనుకున్నాను కానీ ఒక్కరూ కదల్లేదు. సినిమా అయ్యాక ముందు బెంచీలో ఒకమ్మాయి లేచి, “మేడమ్, ఐదుగురే కనిపించారు, మొదటావిడ ఏది?” అని అడిగింది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అదే.

మొదటావిడ స్పెయిన్ ఆడపడుచు, ఆరగాన్ కేథరిన్. సినిమా మొదట్లో తెర మీద ఒక కార్డు వేస్తారు, ఆవిడ గౌరవనీయురాలు, అందుకని ఆవిడ కథలో మనకి ఆసక్తి కలిగించేది పెద్దగా లేదు అన్న అర్థం వచ్చేలా. హాల్లో జనం నవ్వడానికి పెట్టిన మాట అది, నవ్వే ఉంటారు కూడా. కానీ లెక్క చూడండి. హెన్రీ రాజ్యం చేసింది 1509 నుంచి 1547 దాకా, దాదాపు 38 ఏళ్ళు. అందులో దాదాపు 24 ఏళ్ళు ఆయన భార్య కేథరినే. మిగిలిన ఐదుగురి కాపురాలూ కలిపినా ఆవిడ కాపురంలో సగం ఉండదు. 1513లో హెన్రీ ఫ్రాన్సు మీదికి యుద్ధానికి వెళితే దేశాన్ని చూసుకున్నది ఆవిడే, స్కాట్లండ్ సైన్యాన్ని ఫ్లాడెన్ దగ్గర ఓడించింది ఆవిడ పాలన చూస్తున్న ఆ రోజుల్లోనే. ఎన్ని కాన్పులైనా దక్కింది ఒక్క కూతురు మేరీ. కొడుకు లేడన్న సాకుతో ఈ పెళ్ళి అసలు చెల్లదని హెన్రీ కోర్టుకెక్కితే, 1529లో లండన్ బ్లాక్‌ఫ్రయర్స్‌లో నిండు సభలో ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని నేనేం తప్పు చేశానని అడిగింది, అడిగి లేచి బయటికి నడిచి వెళ్ళిపోయింది, వెనక్కి పిలుస్తున్నా తిరిగి రాలేదు. సినిమాకి ఇంతకంటే మంచి సీను ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! ఆవిడ ఒప్పుకోనందుకే కదా విషయం రోమ్ దాకా పోయి, పోప్ కాదంటే ఇంగ్లండ్ చర్చికి రాజే అధిపతి అయి కూర్చుని, ఆ దేశం దారే మారిపోయింది. మతం గొడవ మొత్తం సినిమాలో లేకుండా పోవడానికి కారణం ఆవిడని తీసెయ్యడమే. ఆవిడ ఉంటే హెన్రీని చూసి అంత హాయిగా నవ్వలేం, తీసిన వాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

సరే, ఉన్నదాని గురించి చెప్తాను, ఎందుకంటే ఉన్నది నిజంగా బాగుంది.

కథ 1536 మే 19న మొదలవుతుంది, రెండో భార్య ఆన్ బోలీన్ తల తీసే రోజు. రాజు పడకగదిలో దాసీలు, రాణివాసపు ఆడపిల్లలు గుంపుగా చేరి గుసగుసలాడుకుంటూ పరుపు తడిమి చూస్తుంటారు, పక్కన కుట్టుపని చేసేవాళ్ళు పడక బట్టల మీద ఉన్న ‘ఎ’ అక్షరం విప్పేసి ‘జె’ కుడుతుంటారు. ఆన్ పోతుంది, మూడో భార్యగా జేన్ సీమూర్ వస్తుంది, అంతే. సూదీ దారంతో రాజుగారి మనసు చెప్పేశారు. నాకు సినిమా మొత్తంలో ఎక్కువ ఇష్టమైన షాటు అది. మా అబ్బాయి వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు లండన్ దగ్గర హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌కి తీసుకెళ్ళాడు, అక్కడ హెన్రీ కట్టించిన గ్రేట్ హాల్లో చెక్కపనిలో ‘హెచ్’, ‘ఎ’ అక్షరాలు పెనవేసి చెక్కింది ఒకటి ఇంకా ఉంది. ఆన్ గుర్తులన్నీ చెరిపెయ్యమన్నప్పుడు పనివాళ్ళ కంటపడకుండా మిగిలిపోయిందట. అరచేతిలో పట్టేంత చెక్కడం. మెడ నొప్పి పుట్టేదాకా దాని కిందే నిలబడ్డాను, మా మనవడు విసుక్కుంటున్నా సరే.

ఆ తర్వాత తల నరికే సీను. అసలు చరిత్రలో కూడా ఆన్ కోసం కత్తితో నరికే మనిషిని సముద్రం అవతల కలే అనే ఊరి నుంచి ప్రత్యేకంగా రప్పించారు, ఇంగ్లండ్‌లో మామూలుగా వాడేది గొడ్డలి. సినిమాలో ఆ ఫ్రెంచి తలారి కత్తికి పదును పెట్టుకుంటుంటే ఇంగ్లీషు తలారి పక్కన చేరి సణుగుతాడు, ఇక్కడ మన వాళ్ళకే పని లేక అల్లాడుతుంటే బయటి దేశం నుంచి తెప్పించడం ఏమిటని. 1933లో బ్రిటన్‌లో నిరుద్యోగులు దాదాపు 30 లక్షలు, ఆ మాట హాల్లో కూర్చున్న జనానికి ఎక్కడ తగిలి ఉంటుందో ఆలోచించండి. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు మంచి చోటు కోసం తోసుకుంటూ, ముందు కూర్చున్నవాళ్ళని టోపీలు తియ్యమంటారు. మధ్యలో ఆన్ మాత్రం అద్దం చూసుకుంటూ, జుట్టు సర్దుకుంటూ, ఆ రోజు ఎంత బాగుందో అనుకుంటుంది. కత్తి పడడం మనకి చూపించరు. ఇటు చావు, అటు రాజభవనంలో జేన్ తల మీద ఏం పెట్టుకోవాలా అని హైరానా, రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. అసలు చరిత్రలో జేన్‌తో పెళ్ళి ఆ రోజే జరగలేదు, పదకొండు రోజులు ఆగి మే 30న జరిగింది, పదకొండు రోజులంటే గొప్ప ఆలస్యమేమీ కాదనుకోండి.

ఆన్ బోలీన్‌గా వేసిన మెర్ల్ ఒబెరాన్ గురించి మనవాళ్ళకి తప్పకుండా తెలియాలి. ఆవిడ పుట్టింది బొంబాయిలో, 1911లో. పెరిగింది కలకత్తాలో. తల్లి వైపు మన రక్తం, తండ్రి వైపు యూరప్, అప్పట్లో ఆంగ్లో ఇండియన్లు అనేవాళ్ళు. సినిమాల్లోకి వచ్చాక ఆ సంగతి బయటపడితే కెరీర్ ఉండదని, టాస్మానియాలో పుట్టిందని ఒక కథ అల్లి పత్రికలకి ఇచ్చారు, ఆవిడ 1979లో పోయేదాకా ఆ కథనే మోసింది. ఆవిడ ఉండేది సినిమాలో కాసేపే. కానీ ఆ కాసేపట్లో, చావబోతూ కూడా ఒంట్లో వణుకు కనపడనివ్వకుండా తల ఎత్తుకుని నడిచే ఆ మనిషి, బయట ప్రతి రోజూ ఎంత భయం దాచుకుని తిరిగి ఉంటుందో తెలిశాక నేను ఆ సీను మామూలుగా చూడలేకపోయాను. ఇంగ్లండ్ రాణిగా తెర మీద నిలబడ్డ ఆ అమ్మాయి తను బొంబాయి పిల్లనని చెప్పుకోలేకపోయింది, నాకిప్పటికీ అది బాధగానే ఉంటుంది.

ఇక లాటన్. హెన్రీ తెర మీదికి వచ్చే మొదటి క్షణం గమనించండి, గుమ్మంలో కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు నడుం దగ్గర, భుజాలు గుమ్మమంత వెడల్పు. హోల్బైన్ అనే చిత్రకారుడు వేసిన హెన్రీ బొమ్మ కదిలొచ్చినట్టు ఉంటుంది. (ఆ అసలు గోడచిత్రం 1698లో వైట్‌హాల్ ప్యాలెస్ తగలబడినప్పుడు పోయింది, మనం చూసేవి ఎక్కువగా దాని నకళ్ళే.) మన ఎస్వీ రంగారావు గారు నడిచొస్తే సింహాసనం చిన్నదైపోయినట్టు ఉంటుంది చూశారూ, లాటన్ ఆ కోవ నటుడు. అప్పటికి ఆయన వయసు 34 మించదు, తెర మీద మాత్రం నలభై ఐదు నుంచి యాభై ఐదు దాకా మన కళ్ళముందే ముసలివాడవుతాడు, మేకప్ కంటే నడకలో, ఊపిరి తీసుకోవడంలో ఎక్కువగా.

కోడిని చేత్తో చీల్చి తినే భోజనం సీను అందరూ చెప్పుకునేది. కోడి బాగాలేదని తిడుతూ, ఎముకలు వెనక్కి విసిరేస్తూ, త్రేనుస్తూ, ఈ రోజుల్లో మర్యాద అన్నదే లేకుండా పోయిందని వాపోతాడు. అద్భుతంగా చేశాడు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పటికీ హెన్రీ అనగానే ఎముకలు విసిరే మనిషి గుర్తొస్తున్నాడంటే దానికి కారణం ఈ సీనే, నిజంగా ఆ దర్బారులో భోజనానికి బోలెడు నియమాలు, చేతులు కడగడం, తుండుగుడ్డలు, ఎవరి ముందు ఏది పెట్టాలి అన్నీ పద్ధతి ప్రకారమే. హాంప్టన్ కోర్టు వంటశాలలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది, రోజూ రెండు పూటలా వందలమందికి వండి పెట్టిన చోటు అది, మనిషి నిలబడగలిగేంత పొయ్యిలు. సినిమాలోనూ వంటవాళ్ళ సీను ఒకటుంది, కూర కలుపుతూ రాజుగారి పెళ్ళిళ్ళ గురించి కబుర్లు చెప్పుకుంటారు. పైన రాజు ఏం చేస్తే కింద జనం దాన్ని ఎలా నములుతారో చూపించడంలో ఈ సినిమాని మించింది నేను చూడలేదు.

నాలుగో భార్య, జర్మనీ వైపు క్లీవ్స్ నుంచి వచ్చిన ఆన్, పూర్తిగా హాస్యం. వేసింది ఎల్సా లాంచెస్టర్, నిజజీవితంలో లాటన్ భార్య. సినిమాలో ఆవిడ వేరొకర్ని ప్రేమించి, రాజుకి నచ్చకూడదని కావాలనే మొహం వంకరలు తిప్పుతుంది, మొదటి రాత్రి మంచం మీద కూర్చుని ఇద్దరూ పేకాడతారు, రాజు ఓడిపోతూ ఉంటాడు. మొగుడూ పెళ్ళాలు కాబట్టేనేమో ఆ సీనులో ఒకరి మాట ఒకరు అందుకోవడం ఎంత సహజంగా ఉంటుందో! ప్రేమ కథ కల్పితం, ముగింపు మాత్రం నిజానికి దగ్గరే. 1540 జనవరిలో పెళ్ళి, జులైలో రద్దు, ఆవిడ గొడవ పెట్టకుండా ఒప్పుకుని భవంతులు, భరణం తీసుకుని రాజుకి చెల్లెలి హోదాలో ఇంగ్లండ్‌లోనే ఉండి 1557 దాకా బతికింది. హెన్రీ పోయాక పదేళ్ళు. మా క్లాసులో ఆడపిల్లలందరికీ నచ్చింది ఈవిడే. ఆ పెళ్ళి కుదిర్చిన మంత్రి థామస్ క్రామ్‌వెల్ మాత్రం తల పోగొట్టుకున్నాడు, 1540 జులై 28న. అదే రోజు హెన్రీ ఐదో పెళ్ళి చేసుకున్నాడు.

ఐదో భార్య కేథరిన్ హోవర్డ్ దగ్గరే నా రెండో తగాదా. సినిమాలో ఆ పాత్ర వేసిన బిన్నీ బార్న్స్‌కి అప్పటికి ముప్పై ఏళ్ళు, పాత్రని కూడా మొదటి సీను నుంచే రాణి పదవి మీద కన్నేసిన తెలివైన మనిషిలా రాశారు. తను కోరుకున్న పదవి తనే తెచ్చుకుంది, ఆనక కల్పెపర్ అనే అందగాణ్ణి (రాబర్ట్ డోనట్) ప్రేమించింది, పట్టుబడింది, పాపం రాజు గుండె పగిలింది, ఇదీ వరస. నిజం ఏమిటంటే పెళ్ళినాటికి ఆ పిల్ల పదిహేడూ ఇరవై మధ్య ఉండొచ్చు, ఏ సంవత్సరంలో పుట్టిందో రాసిపెట్టిన వాళ్ళు కూడా లేరు. హెన్రీకి 49. కాలు మీద మానని పుండు. అంతకుముందు, ఇంకా చిన్నపిల్లగా బంధువుల ఇంట్లో పెరుగుతున్నప్పుడు సంగీతం నేర్పడానికి వచ్చినవాడే ఆమెతో తప్పుగా ప్రవర్తించాడు, తర్వాత విచారణలో అవన్నీ ఆమె మీదే నేరాలుగా చదివారు. 1542 ఫిబ్రవరి 13న తల తీశారు. ముందు రోజు రాత్రి తల నరికే కొయ్యదిమ్మ తన గదికి తెప్పించుకుని, తల ఎలా పెట్టాలో చూసుకుందని అప్పటి రాయబారుల ఉత్తరాల్లో ఉంది. ఈ మాట నేను క్లాసులో ప్రతి ఏడూ చెప్పేదాన్ని, ప్రతి ఏడూ గొంతు పట్టుకునేది.

ఇంత కోపం ఉన్నా, లాటన్ గొప్ప నటన చేసింది సరిగ్గా ఈ భాగంలోనే. ఆమె మెప్పు కోసం దర్బారులో కుస్తీ వస్తాదుతో తనే కలబడతాడు, గెలుస్తాడు, అందరూ చప్పట్లు కొడుతుంటే నవ్వుతూ నిలబడతాడు, లోపలికి వెళ్ళాక ఊపిరి అందక కూలబడిపోతాడు. భార్య సంగతి మంత్రులు చెప్పినప్పుడు మొదట చెప్పినవాడి మీదికి లేస్తాడు, తర్వాత మొహం దాచుకుని ఏడుస్తాడు. మంత్రులు ఎటు చూడాలో తెలియక నిలబడతారు. అప్పటిదాకా నవ్వించిన మనిషి మీద ఒక్కసారిగా జాలి పుడుతుంది, ఆ జాలిలో, చంపించేది ఆయనే అన్నది మనం మరిచిపోతాం. నటుడి గొప్పతనం అది. సినిమా ప్రమాదం కూడా అక్కడే ఉంది.

ఆరో భార్య కేథరిన్ పార్ సినిమాలో కాసేపే, అది తినకు, చలిలో తిరగకు అని రాజుని సాధించే ఇల్లాలిగా. నిజానికి ఆవిడ 1545లో తన పేరుతో పుస్తకం అచ్చువేసిన రాణి, ఆ మరుసటి ఏడు మతం విషయంలో అరెస్టు దాకా వచ్చి తెలివిగా బయటపడింది. అది వదిలేశారు.

సినిమా తీసిన కథ కూడా ఆసక్తికరమే. దర్శకుడు అలెగ్జాండర్ కోర్డా హంగేరీ నుంచి వచ్చినవాడు, సెట్లు వేసింది ఆయన తమ్ముడు విన్సెంట్, రచయితల్లో ఒకరు హంగేరీ వాడే లయోష్ బిరో, కెమెరా ఫ్రెంచి మనిషి జార్జ్ పెరినాల్. అప్పట్లో థియేటర్లు ఇన్ని బ్రిటిష్ సినిమాలు ఆడించి తీరాలని 1927లో చట్టం తెచ్చారు, దాంతో కోటా కోసం చుట్టేసిన సినిమాలే ఎక్కువ. అలాంటి రోజుల్లో అరవై వేల పౌండ్ల చిల్లరతో తీసిన ఈ బొమ్మ న్యూయార్క్‌లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో ఆడింది, లాటన్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ తెచ్చింది, బ్రిటిష్ సినిమాకి వచ్చిన మొదటి ఆస్కార్ అది. దాని డబ్బూ పేరూ చూసే కోర్డాకి పెట్టుబడి దొరికి డెన్‌హమ్ స్టూడియో కట్టాడు. ఇంకో ముచ్చట, రాజుగారిని చిన్నప్పుడు పెంచిన దాదిగా వేసిన పెద్దావిడ లేడీ ట్రీ. ఆవిడ భర్త హెర్బర్ట్ బీర్బామ్ ట్రీ పేరున్న రంగస్థల నటుడు, 1911లో షేక్‌స్పియర్ నాటకంలోని భాగాలతో తీసిన ఎనిమిదో హెన్రీ మూకీలో ఆయన నటించాడు. ఒప్పందం ప్రకారం కొన్ని వారాలు ఆడించి ప్రింట్లన్నీ తగలబెట్టేశారు, ఇప్పుడది చూడ్డానికి లేదు.

మీకు నా సలహా, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింటు వెతుక్కోండి, ఎందుకంటే పాత శబ్దంలో గుంపు మాటలు సరిగ్గా వినపడవు, సరదా అంతా ఆ గుంపు మాటల్లోనే ఉంది. శుభ్రం చేసిన మంచి ప్రింట్లు ఉన్నాయి, నెట్‌లో దొరికే మసకబారిన కాపీతో సరిపెట్టుకోకండి, పెరినాల్ వెలుగునీడలు దాంట్లో ఏమీ తెలియవు. చూసే ముందు ఆరగాన్ కేథరిన్ గురించి ఓ పావుగంట చదువుకోండి, బ్లాక్‌ఫ్రయర్స్ విచారణ ఒక్కటైనా సరే. పిల్లలతో చూడొచ్చా అంటే చూడొచ్చు, రక్తం ఎక్కడా కనపడదు, హైస్కూలు పిల్లలైతే ఇంకా మంచిది. కేథరిన్ హోవర్డ్ వయసు మాత్రం వాళ్ళకి ముందే చెప్పండి.